దిగినట్టు రాసిన పేరు

ఆ వేసవిలో నడీన్ లబార్జ్‌కి హాలెట్ కొండతో ఉన్నంత పేచీ మరెవరితోనూ లేదు. అడవికి నిప్పంటుకుందేమో చూడటానికి వెనకటివాళ్ళు కొండల మీద కట్టిన ఇనుప టవర్లు ఆ చుట్టుపక్కల పద్దెనిమిది ఉన్నాయి. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు లోపు అన్నీ ఎక్కి, ఒక్కో టవరు ముందు ఫోటో దిగి పంపిస్తే, కొండల క్లబ్బువాళ్ళు సంచికి కుట్టుకునే గుడ్డ బిళ్ళ ఇస్తారు. పదిహేడు అయిపోయాయి. హాలెట్ ఒక్కటే లొంగలేదు. మొదటిసారి సగం దారిలో పిడుగులు పడ్డాయి. రెండోసారి, రెండు వారాల కిందట, కుండపోత. తడిసి ముద్దయి పైదాకా వెళ్తే, ఫోటోలో తన ముక్కు తప్ప ఏమీ పడలేదు. టవరు కనబడటం లేదు కాబట్టి చెల్లదని క్లబ్బువాళ్ళు ఉత్తరం రాశారు.

ఇది మూడోసారి, గడువుకి ఆఖరి రోజు. పక్కింటి గ్లెండా జూలైలోనే బిళ్ళ తెచ్చుకుని సంచికి కుట్టుకుంది. నడీన్ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా బిళ్ళ కనబడేలా ఆ సంచి ఇటు తిప్పి మరీ వేసుకుంటోంది.

"మబ్బు దిగిందక్కా," అన్నాడు వెండెల్, ట్రక్కు ఆపుతూ. మోకాలు అరిగిపోయి కొండలెక్కడం మానేసినా, అక్కని దింపి తీసుకెళ్ళే పని మాత్రం వదల్లేదు. "ఈసారి ముక్కు కూడా పడదేమో."

"నోర్మూసుకుని ఆ డోనట్ ఇటివ్వు."

"పొద్దున కాఫీ కొట్టులో తలుపుకి అంటించిన కాగితం చూశావా? ఎర్ర టోపీ ముసలాయన. ఈ కొండ దిగి వెళ్ళాక కనబడకుండా పోయాడట. రెండు వారాలుగా రోడ్డంతా, ఏరంతా గాలిస్తున్నారు."

"చూశాన్లే. నీ కబుర్లకి నా టైము పోతోంది. మూడు దాటితే పెట్టె దగ్గరికొచ్చి పుస్తకం చూడు. నేను దిగినట్టు రాసుంటే ఐస్‌క్రీం కొట్టు దగ్గర ఉంటా."

పెట్టె అంటే దారి మొదట్లో కొయ్య స్తంభానికి కొట్టిన డబ్బా. అందులో ఒక పుస్తకం, పెన్సిలు ఉంటాయి. ఎక్కేవాళ్ళు పేరు, వేళ, ఎంతమందో రాసి వెళ్ళాలి. దిగాక ఆ పేరుకెదురుగా మళ్ళీ వేళ రాయాలి. రాయకపోతే, మనిషి కొండ మీదే చిక్కుకున్నాడని అడవి కాపలావాళ్ళు వెతుకుతారు. హాలెట్ పుస్తకం చూసుకునే పని నడీన్‌దే. ఆ పనిలో ఆమెని విసిగించి చంపేది ఒక్కటే, దిగి రాయకుండా పోయేవాళ్ళు. కిందటేడు ఒక కుటుంబం కోసం పదిమంది తెల్లవార్లూ అడవంతా తిరిగితే, వాళ్ళు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. అప్పటినుంచి నడీన్ ఒక అలవాటు చేసుకుంది. కింద కార్లేమీ లేకపోతే, ఖాళీగా ఉన్న గడుల్లో వేళ తనే వేసేసేది. అందరికీ మేలు చేస్తున్నాననే అనుకునేది.

పెన్సిలు కొత్తగా చెక్కి, పేరు రాసింది. పది యాభై. ఒక్కరే.

దారంతా బురద. చెట్ల వేళ్ళు, రాళ్ళు, జారుడు. తిట్టుకుంటూ ఎక్కింది. పైకి చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. టవరు మొదటి రెండు మెట్ల వరసలు కనిపిస్తున్నాయి, మిగతాదంతా మబ్బులో మునిగిపోయింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. పైకి వెళ్తే మబ్బు కాస్త పలచబడుతుందేమోనని, అయిదు వరసలూ ఎక్కి పై గది తలుపు దాకా వెళ్ళింది. తాళం వేసి ఉంది. చుట్టూ తడి దూది తప్ప ఏమీ లేదు. కమ్మీకి ఆనుకుని నిలబడింది.

కింద ఇనుప మెట్టు మోగింది.

టంగ్... తర్వాత ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్ళీ టంగ్...

"హమ్మయ్య," అనుకుంది నడీన్. ఫోటో తీయడానికి ఒక మనిషి దొరికాడు. "నిదానంగా రండి, మెట్లు జారుతున్నాయి," అని కేక వేసింది.

చప్పుడు ఆగింది. తడిసిన ఉన్ని వాసన, దాని కింద కుళ్ళిన ఆకుల వాసన పైకి తేలి వచ్చాయి.

"తొందరేం లేదమ్మా," అంది ఒక గొంతు. చాలా రోజులుగా మాట్లాడనట్టు బొంగురుగా ఉంది.

"మబ్బు విడితే నాకొక ఫోటో తీసిపెట్టాలి. కింద మీ కారు కనబడలేదే, ఎటువైపు నుంచి వచ్చారు?"

"కారు లేదు. ఎవరో దారినపోయేవాళ్ళు దింపి వెళ్ళారు." మళ్ళీ ఆ గొంతే, "పుస్తకంలో రాశారా?"

"రాయకుండా ఎలా? ఆ పుస్తకం చూసుకునేదే నేను."

కమ్మీ మీద నీటిబొట్లు జారుతున్నాయి.

"అయితే... మీరేనన్నమాట."

నడీన్ కమ్మీ వదిలి, తలుపు వైపు ఒకడుగు వెనక్కి వేసింది.

"ఆ రోజు వానలో పిలిచాను," అంది గొంతు గుసగుసగా. "టవరు వెనక బండ కింద నుంచి. మీరు విన్నారు. తలెత్తి చూశారు కూడా."

విన్నది. నిజమే, విన్నది. చేతిలో ఫోన్ తడుస్తుంటే, వెనక నుంచి ఏదో సన్నగా... గాలి అనుకుంది. ఫోటో సరిగా రాలేదన్న కోపంలో గబగబా దిగిపోయింది. కింద ఒక్క కారూ లేదు. పుస్తకంలో ఒక పేరుకెదురుగా గడి ఖాళీగా ఉంది. మరొక మతిమరుపు మనిషి అనుకుని, మూడు నలభై అని రాసేసింది. అందుకే అందరూ రోడ్డు మీద వెతికారు. ఏట్లో వెతికారు. కొండ మీద ఎవరూ వెతకలేదు.

కాళ్ళ కింద జల్లెడలాంటి ఇనుప పలకలోంచి చూసింది. రెండు వరసల కింద... ఎర్ర టోపీ. ముఖం పైకెత్తలేదు. ఒక కాలి పాదం వెనక్కి తిరిగి ఉంది.

టంగ్... ఈడ్పు. టంగ్...

ఇంకొక వరస. ఇంకొక మలుపు...

"క్షమించండి," అంది ఆమె. "నేను చెప్తాను. అందరికీ చెప్తాను. తప్పు నాదే."

వాసన ముఖానికి తగిలింది. కళ్ళు మూసుకుంది. చల్లటిదేదో భుజాన్ని రాసుకుంటూ వెళ్ళింది... అంతే.

కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు. తాళం తాళంలాగే ఉంది. ఎలా దిగిందో తెలియదు. బురదలో పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఫోటో, బిళ్ళ, గ్లెండా, ఏవీ గుర్తులేవు. పుస్తకంలో ఆ మూడు నలభై కొట్టేయాలి. బండ కింద వెతకమని చెప్పాలి. దారి పొడుగునా అదొక్కటే మనసులో పెట్టుకుంది.

ఆఖరి మలుపు తిరిగేసరికి చెట్ల మధ్య పెట్టె కనబడింది. దాని ముందు వెండెల్ నిలబడి, పుస్తకం తిప్పుతున్నాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"వెండెల్, ఆగరా. వస్తున్నా."

ముప్పై అడుగుల దూరం కూడా లేదు. వెండెల్ తలెత్తాడు. కొండవైపు, సరిగ్గా ఆమె వైపే చూశాడు. చెవి ఒగ్గి విన్నాడు.

"గాలి," అని గొణుక్కుని, వాన పడకుండా పెట్టె మూత జాగ్రత్తగా మూసి, కుంటుకుంటూ రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

నడీన్ అరుస్తూ పరిగెత్తింది. పెట్టె చేరేసరికి ట్రక్కు ఇంజను మోగింది. పుస్తకం తెరిచింది. రెండు వారాల కిందటి పేజీలో, ఎమ్మెట్ డ్రేపర్ అన్న పేరుకెదురుగా తను రాసిన మూడు నలభై లేదు. చెరిపిన మరక కూడా లేదు. గడి ఖాళీగా ఉంది. ఈ రోజు పేజీ తిప్పింది. తన పేరుకెదురుగా ఒకటీ పదిహేను అని రాసుంది. కింద ఆ రోజు తేదీ, సెప్టెంబరు 7, ఏడు అంకెకి అడ్డగీత పెట్టే తన అలవాటుతో సహా వేసి ఉంది. దస్తూరీ అచ్చంగా తనదే. ఒకటీ పదిహేనుకి ఆమె టవరు పైన ఉంది.

ట్రక్కు చప్పుడు ఐస్‌క్రీం కొట్టు వైపు మళ్ళి, సన్నబడింది.

పొద్దున తనే చెక్కిన పెన్సిలు తీసుకుంది. ఖాళీ వరసలో తన పేరు మొదటి అక్షరం రాసింది. గట్టిగా నొక్కి మళ్ళీ రాసింది. ఇంకోసారి రాసింది. పెన్సిలు మొన పదునుగానే ఉంది. కాగితం మీద మాత్రం గీత పడలేదు.