మిల్లు వంకలో తెల్లచీర

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే దారిలో, మూతబడిన పత్తిమిల్లు దాటగానే రోడ్డు ఒక్కసారిగా వాగు వంకలోకి దిగి, మళ్లీ ఎగువకు ఎక్కుతుంది. ఆ దిగుడుకు మంచి పేరు లేదు. అందులోనూ శనివారాలు, రాత్రి ఎనిమిది దాటినాక...

రోడ్డు మీది నుంచి తెల్లచీర మనిషి లేస్తుందంట. కాళ్లుండవు. మొగముండదు. లేచి, ఒళ్లు విరుచుకుని, మెల్లగా మిల్లు గోడ దిక్కుకు జారిపోతుందంట. పోయినాక కూడా చాలాసేపు... మాడిన వాసన. మిల్లులో చచ్చిపోయిన కూలిమనిషే అంటారు అందరూ. పేరేమని అడిగితే ఎవరికీ తెలీదు. ఒక రైతు బైకు అక్కడే పడేసి మైలు దూరం ఉరికినాడు. తెల్లారి పోతే బైకు ఉంది గానీ చెప్పులు లేవు.

ఈ గోలంతా నాలుగు నెలల నుంచే.

ఆనందరావు సారుకు ఈ మాటలు వింటే నవ్వు. నంద్యాలలో ముప్పై ఏండ్లు సైన్సు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ప్రతి శనివారం ఆళ్లగడ్డ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పి, రాత్రికి అదే దారిన ఇంటికొస్తాడు. "నాకు ఒక్కసారన్నా కనపడలేదే. నమ్మకం గట్టిదైతే అట్లాంటివి దగ్గరికి రావు" అనేవాడు.

ఆయన వచ్చేది వాళ్ల నాయన వదిలిపోయిన పాత ఫియట్ కారులో. ఆ కారు గురించి ఆయన చెప్పని మనిషి నంద్యాలలో లేడు, చివరిదాకా విన్న మనిషీ లేడు. ఆయిల్ సరిగా చూడడంలేదని నాలుగు నెలల కింద మెకానిక్కును మాన్పించి, ఆ పని తనే పెట్టుకున్నాడు. ఊరి నుంచి రాగానే ఇంటి ముందరి ఏటవాలు గచ్చు మీదికి కారెక్కించి, ఇంజన్ ఆపీ ఆపకముందే బానెట్ లేపేవాడు. ఆయిల్ చూసే పుల్లను లాగి, ఇస్త్రీ చేసిన గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసేవాడు. ఆయిల్ తడి పుల్ల మీది కింది గీతకు కూడా అందేది కాదు. "చూసినారా, తాగేసింది" అని ఇంట్లోవాళ్లకు చూపించి, గ్లాసెడు పోసేవాడు. వారం వారం.

ఆ శనివారం కూడా వంకలోకి దిగినాడు. అలవాటుగా యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసినాడు. ఎగువకు తిరగ్గానే గట్టిగా తొక్కినాడు. కారు ఒకసారి దగ్గింది... ఇంకోసారి దగ్గింది... ఎక్కుడు సగంలో ఆగిపోయింది.

చీకటి. కీచురాళ్లు కూడా అరవడంలేదు.

చేతిబ్రేకు లాగి, ఎందుకో తలెత్తి అద్దంలోకి చూసినాడు—

వెనకాల తెల్లగా... ఏదో నిలబడి ఉంది.

మంచేమో అనుకున్నాడు. నడి ఎండాకాలంలో మంచెక్కడిది? అది పెరిగింది. వంగింది. వెనక అద్దానికి ఆనుకుంది. ముక్కుకు మాడిన వాసన తగిలింది. ఆనందరావు ప్రార్థన మొదలుపెట్టినాడు. మొదటి మాట వచ్చింది... రెండో మాట రాలేదు.

ఆ తెలుపులోంచి నల్లటి ఆకారమొకటి విడివడి, కారు పక్కకొచ్చింది. తలుపు మీద కొట్టింది.

"సారూ... అద్దం దించండి."

ఆయన దించలేదు.

"దించండప్పా. ఊపిరాడక సస్తాండా."

ఊపిరి కావలసిన దెయ్యమా అని, ఆనందరావు వేలెడు సందు దించినాడు. బయట దగ్గుతా నిలబడిన మనిషి గురుస్వామి. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైనాడు. బైకు మీద ఇంటికి పోతున్నాడు.

"ఏం బండి సారూ ఇది. రోడ్డే కనపళ్యా. నేరుగా పొగలోకి దూరినా."

"పొగా..."

"పొగ గాక ఇంకేందనుకొంటిరి?"

ఆనందరావు అద్దం పూర్తిగా దించినాడు.

"ఆయిల్ చూసినారా?"

"వారం వారం చూస్తాను." గొంతులోకి హెడ్మాస్టరు తిరిగొచ్చినాడు.

"యాడ?"

"ఇంటి గచ్చు మీద."

"మట్టంగా ఉంటాదా ఆ గచ్చు?"

ఆనందరావు అరచెయ్యిని ఏటవాలుగా పట్టి చూపించినాడు.

"ఇంజన్ ఆపినాక ఎంతసేపటికి?"

ఆనందరావు తలుపు తీసుకుని దిగినాడు.

ఇద్దరూ కారును వెనక్కి, వంక అడుగున మట్టమైన చోటికి తోసినారు. "పది నిమిషాలు ఊరికే కూచుందాం. పైకి చిమ్మిన ఆయిలంతా కిందికి దిగల్ల" అన్నాడు గురుస్వామి. ముప్పై ఏండ్లలో ఆనందరావు పది నిమిషాలు ఊరికే కూచున్నది అదే మొదలు.

అప్పుడు పుల్ల లాగి, తుడిచి, అడుగంటా దించి, మళ్లీ తీసి, ఫోను వెలుతురులో పెట్టినాడు గురుస్వామి. పై గీత దాటి నాలుగు వేళ్ల ఎత్తున ఆయిల్.

"ఈ రెండు గీతల నడుమ ఉండల్ల సారూ. మీరు ఇంజన్‌ను ముంచేసినారు."

"ఎక్కువుంటే మంచిదే కదా..."

"అన్నం గూడా మంచిదే. గొంతుదాకా తింటే యాడికొస్తాది? దిగుడులో కాలు తీసి ఎక్కుడులో తొక్కితే, ఆ ఎక్కువైందంతా మండి, బండి ఎనకాల తెల్లగా పొగై లేస్తాది. ఎనకొచ్చేటోళ్లకు కనపడతాది. మీకు కనపడదు. ఇంకో నెల ఇట్లే తిప్పింటే మీ నాయన బండి పాతినుము తూకానికి పోతాండె."

ఆనందరావు రోడ్డు పక్కన కూలబడినాడు. ఆ రైతు... ఆ చెప్పులు... నాలుగు నెలలుగా ఇంతమందిని ఉరికించింది తనా? సిగ్గేసింది. సిగ్గు అడుగున రవ్వంత గర్వం కూడా.

గురుస్వామి ఎక్కువైన ఆయిల్‌ను డబ్బాలోకి దించి, ప్లగ్గులు తుడిచి పెట్టినాడు. కారు కదిలింది. పొగ లేదు.

రెండు వారాలు ఆనందరావు కలిసినవాళ్లకల్లా ఈ సంగతే చెప్పినాడు. మూడో శనివారం తిరుగుదారిలో, వంకకు ఇవతల ఉన్న హన్నమ్మ టీ అంగడి కాడ కారాపి, ఆమెకూ మొదటి నుంచి చెప్పినాడు. పుల్ల, గీతలు, పొగ, అంతా. హన్నమ్మ గిన్నెలో టీ కలుపుతానే విన్నది.

"సారూ, ఒక మాట. ఆ దెయ్యం వల్ల లారీలోళ్లు ఒంటిగా దిగల్యాక, ఈడ కూచోని ఇంకో బండి కోసరం చూస్తాండ్రి. చూసినంతసేపూ టీ తాగుతాండ్రి. నెలకొక శనివారమన్నా... ఒక గ్లాసు ఎక్కువ పోసుకోని రాగూడదా?"

"తప్పు హన్నమ్మా. జనాన్ని మోసం చేస్తామా?"

"సరేలే సారూ, అడిగి చూసినా. మీరు పోయకపోయినా ఏం కాలేదులే." ఆమె గొంతు తగ్గించింది. "పోయిన శనివారం మీరు పోయినాక గంటకు... ముగ్గురు చూసినారంట. పొగ లేదు, వాసన లేదు. ఈసారి మొగం గూడా ఉండెనంట."

ఆనందరావు నవ్వబోయినాడు. వంక దిక్కుకు చూసినాడు. గడియారం చూసినాడు. ఎనిమిది దాటింది.

కారు తాళాలు జేబులో వేసుకుని బెంచీ మీద కూచున్నాడు.

"లారీ ఏదన్నా వస్తాదేమో చూద్దాం. ఇంకో టీ పొయ్యి, హన్నమ్మా."