లెక్కకు రాని ఏడు సెకన్లు

ఒకే నెలలో ఇద్దరు ఏజెంట్లు కాల్పుల్లో పోయారు. తప్పించుకునే దారి చెబుతూ హెడ్‌క్వార్టర్స్ నుంచి ఇద్దరికీ కోడ్ మెసేజ్ వెళ్ళింది. వాళ్ళకంటే ముందే శత్రువు ఆ దారిలో కాపు కాశాడు.

ఈరోజు పదకొండున్నరకు మెసేజ్ అందుకోవలసినవాడు ఏజెంట్ స్టాప్‌వాచ్‌కి సొంత తమ్ముడు. మెసేజ్‌లు పంపే ఆమె మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంటుందని ఆ పేరు పడింది.

"లీకు మా ప్రోగ్రాములో లేదు," అంటూ ఏజెంట్ నెమలి, చీఫ్ ముందున్న బల్ల మీద కాగితం పెట్టింది. మెసేజ్‌ను కోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము ఆమె చేతిలోనే ఉండేది. ఆమె నడిచొస్తే ఆఫీసంతా టైపింగ్ ఆపేసేది. "ప్రొఫైలర్ రిపోర్టు చూడండి. ఏ పనికి ఎంతసేపు పట్టిందో అన్నీ ఉన్నాయి. మొత్తం నాలుగు సెకన్లు."

"నా వాచీలో పదకొండు వచ్చింది," అంది స్టాప్‌వాచ్.

"మిషను పాతది కదమ్మా."

"పాతదైతే రిపోర్టులోనూ పదకొండే రావాలి. మిగతా ఏడూ ఎవరు మింగారు?"

చీఫ్ గడియారం చూశాడు. పదకొండూ ఇరవై నాలుగు. "వాదనలు తర్వాత. మెసేజ్ పంపు."

"పంపను సార్."

"ఇది ఆర్డర్."

"ఉద్యోగం పీకేయండి. నా తమ్ముణ్ణి నా చేతులతో చంపుకోను."

చీఫ్‌కి ఎదురు చెప్పినవాళ్ళు ఆ భవనంలో మహా అయితే సాయంత్రం దాకా ఉండేవారు. ఆమెకు ఆరు నిమిషాలు చాలు. ప్రొఫైలర్ సెట్టింగులు తెరిచింది. అది ప్రాసెసర్ ఒళ్ళు వంచిన సమయాన్నే లెక్కిస్తోంది. ప్రోగ్రాము చేతులు కట్టుకుని దేనికోసమో ఎదురుచూస్తే, ఆ సేపు లెక్కలోకే రాదు.

ఆమె దాన్ని గోడ గడియారం లెక్కకు మార్చింది. ట్రాన్స్‌మిటర్ ఆపి, "తూర్పు గేటుకు రా" అని దొంగ మెసేజ్ కొట్టి నడిపింది. రిపోర్టు పైవరసలో కొత్త లైను మెరిసింది. జవాబు కోసం నిరీక్షణ, ఏడు సెకన్లు.

"ఎవరి జవాబు?" అన్నాడు చీఫ్.

ఆమె మళ్ళీ నడిపింది. ఈసారి స్క్రీను వదిలేసి గదిని చూసింది. బల్లమీద తెరిచి ఉన్న నెమలి హ్యాండ్‌బ్యాగులో లిప్‌స్టిక్ సరిగ్గా ఏడు సెకన్లు ఎర్రగా మిణుకుమంది. అది రేడియో. శత్రువుకు దొంగ కాపీ చేరినట్టు అది రసీదు ఇచ్చేదాకా ప్రోగ్రాము కదలకూడదని నెమలి కట్టడి పెట్టింది. దొంగతనంలో కూడా పద్ధతి మనిషి.

నెమలి చెయ్యి బ్యాగు మీద పడేలోపే చీఫ్ పిస్తోలు లేచింది.

స్టాప్‌వాచ్ ప్రోగ్రాములో ఆ కాపీ పంపే లైను చెరిపి, ట్రాన్స్‌మిటర్ వేసి, అసలు మెసేజ్ కొట్టింది. పడమటి గేటు. వాచీలో నాలుగు సెకన్లు, రిపోర్టులో నాలుగు. మెసేజ్ వెళ్ళేసరికి గోడ మీద ముల్లు పదకొండున్నర మీదికి వచ్చింది. శత్రువులంతా అప్పటికే తూర్పు గేటుకు పరుగెత్తారు. పది నిమిషాలకు జవాబొచ్చింది: "బయటపడ్డానక్కా." ఆమె ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

సంకెళ్ళతో గుమ్మం దగ్గర నెమలి ఆగింది. "నాకు ఎన్నేళ్ళ శిక్ష పడుతుంది?"

"నీ రిపోర్టు ప్రకారం సున్నా," అంది స్టాప్‌వాచ్. "లోపల ఊరికే కూర్చోవడమేగా."