గడ్డమూ, గడ్డకట్టని మందూ

"నీ గడ్డం నా ప్లేట్‌లోంచి తియ్యి!" అంది దల్వా.

"చూశానంతే తల్లీ, తాగెయ్యలేదు," అన్నాడు పక్క ల్యాబ్ ఒటోనియెల్, తాపీగా తల ఎత్తుతూ.

రెండు రోజులకి ఆ ప్లేట్‌లో, సరిగ్గా అతను వంగి చూసిన మందు చుక్కలోనే, సూదిలాంటి స్ఫటికం మెరిసింది. దల్వా ముట్టుకోగానే కరిగిపోయింది.

అది బూజు నుంచి తీసిన యాంటీబయాటిక్. బాక్టీరియా పొరకి చిల్లు పెట్టి చంపే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క. ఎలా పెడుతుందో తెలియాలంటే స్ఫటికం మీద ఎక్స్‌రేలు పడాలి. కాంపినాస్ నగరంలో ఎక్స్‌రే యంత్రం దగ్గర ఆమె వంతు శుక్రవారం. ఆ రోజు చేతిలో స్ఫటికం లేకపోతే ప్రాజెక్టు మూత.

ల్యాబుల్లో పాత నమ్మకం ఒకటుంది. గడ్డమున్న కెమిస్టు వంగితే, అందులో చిక్కుకున్న పాత స్ఫటికాల పొడి రాలి కొత్తవి పుడతాయట. ఒటోనియెల్ ఇలాంటి పెప్టైడ్‌తోనే చాలాకాలం కుస్తీ పట్టాడు.

దల్వా అతన్ని రోజూ పిలవసాగింది. కాఫీ పోసింది. వేడి వేడి జున్ను బన్నులు పెట్టింది.

"ఇంకొంచెం వంగు."

"ఇలాగా?"

"ఇప్పుడు గడ్డం గోక్కో."

గోక్కున్నాడు. ప్రేమలో పడ్డవాడు కారణాలు అడగడు.

గురువారం ఒటోనియెల్ నున్నటి బుగ్గలతో ప్రత్యక్షమయ్యాడు.

"ఆదివారం మా అమ్మ నిన్ను భోజనానికి రమ్మంది."

"గడ్డమేదీ?"

"తీసేశా. నీకు నచ్చాలని."

"అయ్యో, నిన్ను పిలిచిందే దాని కోసం కదా!"

నోరు జారాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు.

ఒటోనియెల్ బుగ్గ తడుముకున్నాడు. "మంగలి ఊడ్చేసుంటాడు. అడిగి చూడనా?" అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున చూస్తే చుక్క చుక్కలోనూ స్ఫటికాలే. దల్వా వాటిని యంత్రం దగ్గరికి పట్టుకెళ్లింది. ఎగిరి గంతేయాల్సిన రోజున, పక్కన మాట్లాడేవాడు లేక ముభావంగా కూర్చుంది.

ఆదివారం ఫోన్ చేసింది.

"ఎక్స్‌రేలో బొమ్మ తేలింది. పెప్టైడ్ స్ప్రింగులా చుట్టుకుని, మధ్యలో కాస్త వంగింది."

"సంతోషం. ఇంకేం కావాలి? మీసం పెంచనా?"

"అక్కర్లేదు. ఇక నీతో నాకు ఏ పనీ లేదు."

అతను ఫోన్ పెట్టెయ్యబోయాడు.

"ఏ పనీ లేకుండానే మీ గేటు దగ్గర నిలబడ్డాను ఒటోనియెల్. వాన పడుతోంది. తలుపు తియ్యి."