పద్దెనిమిదో నిమిషం

“ఈ చలి ఎప్పుడు తగ్గుతుందంటారు?” సెలూన్‌లో పక్క కుర్చీలోని పెద్దమనిషి అడిగాడు. ముఖమంతా సబ్బు నురగ.

“మీరు శాలువా తీసినప్పుడు,” అన్నాడు ఏజెంట్.

కోడ్ కుదిరింది. సెలూన్ ఓనర్ వేడినీళ్ళ కోసం లోపలికెళ్ళాడు. నురగ వెనక ఉన్నది చీఫ్.

“ఆర్కిడ్ కబురు పంపింది. మీ కంపెనీ నుంచి మధ్యాహ్నం పన్నెండుకి పిల్లల ఆసుపత్రికి వెళ్ళే ఇంజెక్షన్లలో విదేశీ ముఠా విషం కలిపిందట.”

“అయితే లారీ ఆపేయండి.”

“అబద్ధమైతే? ఆమె రెండు వైపులా ఆడుతోందని నా అనుమానం. టెస్ట్ చెయ్యి.” చీఫ్ ఒక పెన్ను అందించాడు. “రెండుసార్లు నొక్కితే లారీ ఆగుతుంది. ఒక్కసారి నొక్కితే సరుకు శుభ్రం, ఆమె ద్రోహి. ఆమె హోటల్ ఎదురు మేడ మీద మనవాడు రైఫిల్‌తో ఉంటాడు. పన్నెండు దాకా ఏదీ నొక్కకపోతే, ఒక్కసారి నొక్కినట్టే లెక్క.”

ఏజెంట్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా ఆ మందుల కంపెనీ ల్యాబ్‌లో అతనిది అనలిస్టు వేషం. ఒంటి గది, ఒకే కుర్చీ, అసలు పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు. ఆర్కిడ్ సంగతి వేరు. మూడు పాస్‌పోర్టులు, ఏడు విగ్గులు, ఎదురుపడితే మగాళ్ళు మాట మరిచిపోయేంత అందం. నెలకోసారి లైబ్రరీలో అతని చేతిలో కాగితం పెట్టి మాయమయ్యేది. ఒకసారి వెళ్తూ వెళ్తూ, “కాలర్ మడతపడిందయ్యా,” అని సరిచేసింది. సెలూన్ వాణ్ణి పక్కనపెడితే నాలుగేళ్ళలో అతన్ని తాకిన చెయ్యి అదొక్కటే. తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ఏడుపొస్తుంది.

పదకొండూ ఇరవైకి అతను శాంపిల్‌ను మెషీన్‌లోకి ఇంజెక్ట్ చేశాడు. ఆ మెషీన్‌కి గుండెకాయ కాలమ్, అంటే మెత్తటి పొడి దట్టించిన జానెడు స్టీలు గొట్టం. పంపు తోసే ద్రావకం అందులోంచి పారుతుంది. పొడితో పొసగని పదార్థం ద్రావకంతో పాటే ముందు బయటపడుతుంది, పొడిని పట్టుకు వేలాడేది ఆలస్యంగా వస్తుంది. దేని టైము దానిదే. వచ్చినప్పుడల్లా స్క్రీన్ మీది గీత శిఖరంలా లేస్తుంది, అదే పీక్.

నాలుగో నిమిషంలో మందు పీక్ నిటారుగా లేచింది. పదో నిమిషానికి రన్ దానంతటదే ఆగిపోయింది. మరో పీక్ లేదు.

“శుభ్రం! సంతకం పెట్టు,” అన్నాడు ల్యాబ్ మేనేజర్. మిగతావాళ్ళు జట్లు జట్లుగా క్యాంటీన్‌కి బయల్దేరారు. ఎప్పట్లాగే అతన్నెవరూ పిలవలేదు.

ఏజెంట్ వేలు పెన్ను మీదికి వెళ్ళి ఆగింది. ఆమె అబద్ధమాడిందంటే నమ్మబుద్ధి కాలేదు. “బ్లాంక్ రన్ చెయ్యాలి సార్. రూలు.”

పదకొండూ ముప్ఫై ఒకటికి మందు లేని ఉత్త ద్రావకం ఎక్కించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏడో నిమిషంలో, ఏమీ ఉండకూడని చోట, గీత బద్ధకంగా ఉబ్బింది.

“మురికి,” అన్నాడు మేనేజర్. ఆ గొంతులో తేడా వచ్చింది.

మురికి కాదు. కాలమ్‌లో చాలాసేపు ఉన్న పదార్థమే అంత వెడల్పుగా వస్తుంది. ఇందాకటి శాంపిల్‌లోంచి దిగకుండా ఉండిపోయిందేదో ఇప్పుడు దిగింది. శాంపిల్ ఎక్కించిన పదకొండు నిమిషాలకి బ్లాంక్, అందులో ఏడు, మొత్తం పద్దెనిమిది నిమిషాలు. పోయిన నెల ద్రావకం ఆదా అంటూ ముప్ఫై నిమిషాల రన్‌ను పదికి కుదించింది ఈ మేనేజరే!

అయినా అనుమానం. తన మనసే తనని ఏమారుస్తోందేమో? పద్దెనిమిదో నిమిషంలో మళ్ళీ వస్తేనే నిజం. పదకొండూ నలభై రెండు కావస్తుండగా శాంపిల్ మళ్ళీ ఎక్కించి, ఆటో స్టాప్ తీసేశాడు. మేనేజర్ లారీని తొందరపెట్టడానికి కిందికి పరుగెత్తాడు. గేటు వాచ్‌మన్ పన్నెండుకి ముందు తీయనన్నాడు.

పదకొండూ యాభై తొమ్మిదికి మేనేజర్ తిరిగొచ్చాడు, చేతిలో బుల్లి పిస్టల్‌తో. “మెషీన్ ఆపెయ్.”

“ఒక్క నిమిషం సార్.”

“ఆపమన్నానా!”

ఏజెంట్ బల్ల మీది మెథనాల్ ద్రావకమున్న వాష్ బాటిల్ అందుకుని మేనేజర్ కళ్ళలోకి చిమ్మాడు. తూటా సీలింగ్‌లో దిగింది. పిస్టల్ లాక్కుని, మేనేజర్‌ని నేలకేసి నొక్కిపెట్టి తలెత్తేసరికి స్క్రీన్ మీద గుట్ట లేస్తోంది. సరిగ్గా పద్దెనిమిది. పన్నెండుకి ఇంకా పది సెకన్లున్నాయనగా పెన్ను రెండుసార్లు నొక్కాడు.

గేటు తెరుచుకోలేదు. మేడ మీది రైఫిల్ కిందికి దిగింది. సాయంత్రానికల్లా ఆర్కిడ్ నాలుగో పాస్‌పోర్టుతో ఎక్కడికో వెళ్ళిపోయింది. ఎక్కడికో చీఫ్ చెప్పలేదు. అడిగే హక్కు అతనికి లేదు.

పాత మేనేజర్‌కి బదిలీ అయిందన్నారు. సోమవారం, ఏమీ తెలియని కొత్త మేనేజర్ ఏజెంట్‌కి మెమో ఇచ్చాడు: ‘అనుమతి లేకుండా రన్ పొడిగించి, భోజన విరామంలో మెషీన్ వద్దే ఉండిపోయినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.’

ఏజెంట్ కాసేపు ఆలోచించి రాశాడు: ‘భోజనానికి రమ్మని నన్నెవరూ పిలవలేదు కనుక.’

నాలుగేళ్ళలో అతను తన గురించి రాసిన మొదటి నిజం అదే.