ఇంటోళ్ల సంతకం

వనపర్తి కంటి బ్యాంకులో కోఆర్డినేటర్ ఉమారాణి ఐస్ బాక్సు పట్టుకుని ధరూర్‌లో ఆటో దిగింది. నాయనమ్మ పోయిందని ఫోన్ చేసిన రంజిత్ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"అవ్వను యాడ పండబెట్టిన్రు?"

"వంటింట్ల ఉన్నది మేడం. చాయ్ పెడుతున్నది."

ఉమారాణి తొంగి చూసింది. చనిపోయాక కళ్లిస్తానని కార్డు రాసిన జములమ్మ నిక్షేపంగా అల్లం దంచుతోంది.

"ఎండకు కండ్లు తిరిగి పడ్డది. నాడి దొరకలే. గుండె ఆగినంక ఆరు గంటలే టైమంటిరి గదా, లేటయితదని..."

"గుండె ఆగిందని డాక్టర్ చెప్పినంకనే మాకు ఫోన్ చెయ్యాలె. ముందు దవాఖానకు తీస్కపోవాలె."

కోపంతో ఇంకా నాలుగు అనబోయింది. ఏడ్చి ఎర్రబడ్డ అతని కళ్లు చూసి ఐస్ బాక్సు కింద పెట్టేసింది.

"వచ్చినవ్ గద బిడ్డా, జర తిని పో," అంది జములమ్మ. "ఇంకో రెండు పంటలు చూసినంకనే ఇస్త."

చేసిన తప్పు దిద్దుకుంటానని రంజిత్ ప్రతి ఆదివారం నేత్రదానం ప్రచారానికి ఉమారాణిని బండి మీద ఊళ్లు తిప్పాడు. అలంపూర్‌లో వాన పట్టుకుంటే ఇద్దరూ ఒకే ఫ్లెక్సీ కింద దూరారు. అది ఇరుకని ఒక్కరూ అనలేదు.

ఉమారాణికి మాత్రం లోపల భయమే. చావు ఇళ్లకు తిరిగే పిల్ల వద్దని ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఉద్యోగం వదలడం ఆమె వల్ల కాదు. ఇతనూ అదే మాటంటే తట్టుకోవడం అంతకన్నా కాదు.

గద్వాల నేత్రదాన శిబిరంలో రంజిత్ తన కార్డు నింపి తెచ్చాడు.

"ఈ గడి ఖాళీగున్నదేంది? ఇంటోళ్ల సంతకం గావాలె. రేపు ఒప్పుకోవాల్సింది వాళ్లే."

"అందుకే నీ దగ్గరికి తెచ్చిన."

అతను ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. ఉమారాణి పెన్ను మూత తీసి పట్టుకుంది.

"బువ్వ తింటుంటె ఫోనొచ్చినా లేచి పోత. చావు ఇండ్లకే పోత."

"బండి నేను తీస్త."

"మరి అవ్వ?"

"అవ్వనే తోలింది. నా కండ్లు బయటోళ్లు తీస్కపోవుడెందుకు, మన ఇంటి పిల్లనే తీస్కపోనీ అన్నది."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సంతకం పెట్టింది. పక్కనే ‘దాతకు ఏమవుతారు’ అని ఉన్నచోట గుండ్రటి అక్షరాలతో ‘భార్య’ అని రాసి, కార్డు అతని చేతికిచ్చింది.

"పెండ్లయినంకనే ఇది చెల్లుతది. జల్ది కానియ్యి."