ఒక మనిషికి ఒక తాళం

"మీ తాళం ఏది?"

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. నేను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. గమ్ము మెషిన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు రోలర్ల మధ్య చెయ్యి పెట్టి బోల్టు బిగిస్తున్నాను. తల తిప్పి చూస్తే పచ్చ హెల్మెటు, దాని కింద కోపంగా రెండు కళ్ళు.

"ఏ తాళం?"

"స్విచ్చుకి వెయ్యాల్సిన తాళం. మీ చెయ్యి లోపలుండగా ఎవరైనా స్విచ్ వేస్తే?"

"ఎవరు వేస్తారండీ? ఇక్కడ అందరికీ కళ్ళున్నాయి."

"వేళ్ళు కూడా ఉన్నాయిగా. ఉండనివ్వండి."

నాకు చుర్రుమంది. "మీరు పుస్తకంలో చదివారు, మేం చేత్తో చేస్తున్నాం" అనేశాను. నా నోటి దురుసు అలాంటిది. ఆమె సంచిలోంచి ఎర్ర తాళం ఒకటి తీసి మెయిన్ స్విచ్‌కి తగిలించి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఇది మీది. మీ పని అయ్యాక మీరే తియ్యాలి. ఇంకెవ్వరికీ ఇవ్వకూడదు, తోడబుట్టినవాళ్ళకైనా సరే."

ఆమెది ప్రాంతీయ కార్మిక భద్రత, ఆరోగ్య సంస్థ. మేం సేఫ్టీ ఆఫీసు అంటాం. జరిమానాలు రాసే ఆఫీసు కాదది, నేర్పించే ఆఫీసు; ప్రమాదం జరిగితే విచారణ కూడా వాళ్ళదే. నాలుగు మంగళవారాలు మాకు పాఠాలు చెప్పడానికి ఆమెను పంపారు.

మా పెదనాన్న అక్కడే పెద్ద ఫిట్టరు. అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచిందీ, పాన పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. నేను పిలవడం విని ఫ్యాక్టరీ అంతా ఆయన్ని పెదనాన్న అనే పిలుస్తుంది. రెండో మంగళవారం ఆమె ఆయనకీ ఒక తాళం ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. వాడి తాళం వేలాడుతుంటే నాకెందుకమ్మా ఇంకోటి?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. "మనిషికొక తాళం పెదనాన్నగారూ, ఇంటికొకటి కాదు" అని ఆయన జేబులో వేసింది. ఆయన ఆ తాళాన్ని తీసుకెళ్ళి సామాన్ల పెట్టెలో పడేశాడు. నేను చూశాను, ఏమీ అనలేదు.

మంగళవారం సాయంత్రాలు ఆమె నాలుగూ పది బస్సుకి వెళ్ళేది. నేనూ ఏదో ఒక వంకతో స్టాపు దగ్గర తేలేవాణ్ణి.

"ఇక్కడేం పని ఫిట్టర్ గారూ?"

"బస్సు బ్రేకులు ఎలా ఉన్నాయో చూద్దామని. మీరెక్కే బస్సు కదా."

"నా గురించి అంత భయమైతే తాళం మర్చిపోకండి."

"మర్చిపోతే మళ్ళీ తిట్టడానికి వస్తారా?"

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటూ ఇంటికి నడిచి, అన్నంలో కూర కలుపుకోవడం మర్చిపోయానని పెద్దమ్మ వారమంతా ఏడిపించింది.

నాలుగో మంగళవారం ఆఖరిది. ఆ రోజు మనసులో మాట చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. నాలుగు కొట్టింది. గమ్ము రోలర్లు తుడిచే పని ఇంకా మిగిలే ఉంది. పెదనాన్న చేతులు లోపలున్నాయి, స్విచ్‌కి నా తాళం ఒక్కటే ఉంది. మెషిన్ నడిపే ఆపరేటరు చేతిలో తాళంచెవి పెట్టి, "ఆయన బయటికి రాగానే తీసెయ్" అని పరిగెత్తాను.

స్టాపులో ఆమె నన్ను చూసి, "ఇవాళ కూడా బ్రేకులేనా?" అంది. నేను నోరు తెరిచాను. అంతలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. అది మోగే వేళ కాదు. ఇద్దరం వెనక్కి పరిగెత్తాం.

పెదనాన్న గుడ్డ మార్చుకోవడానికి ఒక్క నిమిషం బయటికొచ్చాడట. పనైపోయిందనుకుని ఆపరేటరు తాళం తీసి స్విచ్ దగ్గర నిలబడ్డాడు. ఆయన మళ్ళీ చెయ్యి పెట్టడం చూడకుండా అతను స్విచ్ వేసేశాడు. పెదనాన్న కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

మూడోరోజు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో విచారణ. బల్లకి అవతల ఆమె, పక్కన ఆమె పై అధికారి. ఆసుపత్రిలో పెదనాన్న ఇచ్చిన వాంగ్మూలం ఆమె చదివింది. "తాళం తియ్యమని నేనే చెప్పాను. తప్పు నాది. పిల్లవాడికేం సంబంధం లేదు."

"ఇలాగే జరిగిందా?" అని అడిగింది.

ఔనంటే నా పని నిలబడుతుంది. ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా పనిచేసిన మనిషి, తన వేళ్ళు తానే పోగొట్టుకున్న మూర్ఖుడిగా మిగిలిపోతాడు. కాదంటే పని పోతుంది. ఎదురుగా కూర్చున్న ఈమె కూడా నాకు దక్కదు.

"కాదండీ. తాళం నాది. చెవి నేనే ఆపరేటరుకిచ్చి వెళ్ళిపోయాను."

"ఇవ్వకూడదని తెలుసా?"

"తెలుసు. మీరే చెప్పారు."

"మరి ఎందుకిచ్చారు?"

"మీ బస్సు నాలుగూ పదికి."

ఆమె కలం ఆగింది. తల ఎత్తకుండానే ఆ మాట కూడా రాసింది. తర్వాత కాగితాలన్నీ పై అధికారి ముందుకి జరిపింది.

"సార్, ఇక ఈ విచారణ నేను చెయ్యకూడదు. ఇందులో నేనూ ఉన్నాను."

లేచి వెళ్ళిపోయింది. నావైపు చూడలేదు.

నన్ను ఫిట్టరు పనిలోంచి తీసి, పెట్టెలు మోసే పనిలో వేశారు. అది న్యాయమే. భరించలేకపోయింది పెదనాన్న కోపాన్ని. "వేళ్ళెలాగూ తిరిగి రావు, నీ పనైనా నిలబెడదామనుకున్నాను. నీ నోటితో నువ్వే చెడగొట్టుకున్నావు" అన్నాడు. అంతే, మాటలు బంద్. పక్కపక్కనే కూర్చుని తింటున్నా, "వాడికి మంచినీళ్ళివ్వు" అని పెద్దమ్మతో చెప్పేవాడు. ఎడంచేత్తో చెంచా పట్టుకోవడానికి ఆయన అవస్థ పడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. సాయం చెయ్యబోతే చెయ్యి లాక్కునేవాడు. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం ఉదయం తలుపు తీస్తే ఆమె. చేతిలో హెల్మెట్టో ఫైలో లేకుండా ఆమెను చూడటం అదే మొదటిసారి.

"ఆ ఫైలు మొన్న మూసేశారు. అందుకే ఇవాళ రాగలిగాను. మీతో కాదు, పెదనాన్నగారితో మాట్లాడాలి" అంది.

ఆయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మా సార్‌కి చెప్పాను కానీ మీకు చెప్పని మాట ఒకటుంది. నా పాఠం మూడున్నరకే అయిపోయేది. మూడూ నలభైకి ఇంకో బస్సు ఉంది. రెండో వారం నుంచీ అది కావాలనే వదిలేశాను, ఈయన వస్తాడని. ఆ రోజు దాన్ని ఎక్కి ఉంటే ఈయన పరిగెత్తేవాడు కాదు. మీ చెయ్యి..."

ఇన్నాళ్ళూ ఆ స్టాపుకి నేనొక్కణ్ణే కావాలని వెళ్ళాననుకున్నాను.

"నన్ను తిట్టండి. తిట్టాక ఇంకో సంగతి కూడా అడుగుతాను" అంది.

పెదనాన్న కట్టు విప్పిన కుడిచేతిని ఒళ్ళో తిప్పి పెట్టుకున్నాడు.

"తాళం పెట్టెలో పడేసింది నేను. నా వాటా కూడా నీ నెత్తిన వేసుకోకు" అన్నాడు. మళ్ళీ తనే, "ఇంట్లో నిజం చెప్పేవాడు ఒక్కడుంటేనే నాకు పట్టపగలు చుక్కలు కనిపించాయి. ఇద్దరైతే మేం ఎలా బతకాలి తల్లీ?" అన్నాడు.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "అలవాటవుతుందిలెండి."

పెదనాన్న నావైపు తిరిగాడు.

"ఒరేయ్, పిల్ల ఇందాకట్నుంచీ నిలబడే ఉంది. కనిపించట్లేదా? కుర్చీ వెయ్యి."

మూడు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట. పరుగున లోపలికి వెళ్ళాను కానీ, కుర్చీ పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేశాను. చివరికి పెద్దమ్మే వచ్చి నా చేతుల్లోంచి కుర్చీ తీసుకెళ్ళి ఆ అమ్మాయికి వేసింది.