పుంగనూరు రోడ్డులో స్టెతస్కోపు

"ఫోను నాయనకియ్యమ్మా! రేపు పొద్దున లారీ తెస్తాండా. కారు బెంగళూరు మెకానిక్కు దగ్గరికి పోతాది. ఆ మాట ఆయనకే చెప్పల్ల!"

తబిత రిసీవరు భర్త వైపు చాచింది. విన్సెంట్ చెయ్యి అడ్డంగా ఊపి, చెప్పులేసుకుని షెడ్డుకు వెళ్ళిపోయాడు. నెలరోజులుగా ఇంతే! కన్నకొడుకు గొంతంటేనే గిట్టనట్టు...

"ఇంకా కోపమే సూడు! పాడు చేసిందీ ఆయనే, అలిగేదీ ఆయనేనా?" నెహెమ్యా ఫోను పెట్టేశాడు.

ఆ పాత జపాను కారును తండ్రీకొడుకులు ఎంత ముద్దుగా తయారుచేశారు! టర్బో బండి అది. బయటికి పోయే పొగ వేగానికే ఒక చిన్న చక్రం తిరిగి ఇంజన్లోకి గాలిని కూరుతుంది. గాలి పెంచేకొద్దీ బలం! శ్రీపెరుంబుదూరు రేసు ట్రాకులో సొంత బండ్లు తోలుకోనిచ్చే రోజుల కోసం వెనక సీట్లు పీకేశారు, బ్రేకులు మార్చారు, గాలి పెంచారు. మొదటిసారే, నెహెమ్యా తోలుతుంటే మూడో చుట్టులో తెల్లటి పొగ! పిస్టను కరిగిపోయింది. పిల్లోడికి దెబ్బ తగలకపోవడం ప్రభువు దయ. "గాలి పెంచేటప్పుడే ఇంజన్ లోపల కొట్టుకుంటాంటే నీకు వినపడలేదా నాయనా?" అని కొడుకు అందరి ముందూ అడిగాడు. విన్సెంట్ ఇంటికొచ్చి ఇంజన్ మొత్తం మళ్ళీ కట్టాడు... ఒక్కడే!

తబిత షెడ్డులోకి వెళ్ళి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంజన్ ఆడుతోంది. విన్సెంట్ స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు ఆనించి, పిడిని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏ మెకానిక్కైనా చెవికి కదా ఆనించుకునేది!

ఆమె ఎదురుగా వచ్చి అతని మొహం చేతుల్లోకి తీసుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"బరువు శబ్దాలు తెలుస్తాండాయి తబితా... సన్నవి పోయినాయి. పంటికైనా అందుతాదేమోనని..." అతని కళ్ళు నిండాయి. "అందలేదు! ఫోన్లో వాడి మాట ఒక్కటీ తెలియదు. చెప్పాకు వాడికి. కుప్పం క్వారీలో పన్నెండేండ్లు డ్రిల్లు పట్టింది వాడి చదువుకే. తెలిస్తే ఆ బరువు వాడు మోయలేడు."

తబిత ఏడవలేదు. ప్రసూతి వార్డులో ఇరవై ఆరేళ్ళుగా తల్లుల కడుపుల మీద స్టెతస్కోపు ఆనించి పసిగుండెలు విన్న నర్సు ఆమె. "వినేదానికి నేను లేనా?" అంది.

తెల్లవారుతూనే పుంగనూరు రోడ్డు ఎక్కారు. ఇంజన్‌కు బిగించిన రాగి గొట్టం, దానికి రబ్బరు ట్యూబు, ఆ కొసకు ఆమె స్టెతస్కోపు! రోడ్డు ఎత్తెక్కే చోట విన్సెంట్ యాక్సిలరేటరు తొక్కాడు. హోరు మధ్య సన్నగా, డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు...

"ఆపండి!" ఆమె అతని భుజం గట్టిగా పట్టుకుంది. "బిడ్డ ఇబ్బంది పడతాండాది!"

విన్సెంట్ దిగి ఇంజన్లో నిప్పురవ్వ పడే వేళను కాస్త ఆలస్యం చేశాడు, గాలి తగ్గించాడు. మళ్ళీ ఎక్కారు. నాలుగోసారికి రాళ్ళ చప్పుడు పోయింది. ఆమె తలూపింది. నెల తర్వాత అతని మొహాన నవ్వు చూసింది.

షెడ్డుకొచ్చి విన్సెంట్ బానెట్లోకి వంగేసరికి లారీ ఆగింది. నెహెమ్యా దిగాడు.

"నాయనా!... నాయనా!"

విన్సెంట్ తిరగలేదు.

"మొహం కూడా చూపీవా? అంత పాపిష్టోడినా నేను!" పాతికేళ్ళ కొడుకు పసివాడిలా ఏడ్చాడు.

తబిత ఇక ఆగలేకపోయింది. "అలిగి కాదురా... వినపడక! ఆ రాళ్ళ మిషన్లు తినేసినాయిరా ఆయన చెవుల్ని!"

నెహెమ్యాకు తండ్రి క్వారీ ఏళ్ళన్నీ, తన కాలేజీ ఏళ్ళన్నీ ఒక్కసారిగా కళ్ళలో తిరిగాయి. మెల్లగా తండ్రి ముందుకు నడిచి, మసి అంటిన ఆ చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు. ఏదో అన్నాడు. వెక్కిళ్ళలో మాటలు కలిసిపోయాయి. విన్సెంట్ అలవాటుగా భార్య వైపు చూశాడు... వాడేమన్నాడో చెప్పమని.

తబిత తల అడ్డంగా ఊపి, కొడుకు వైపే చూపించింది. ఈ ఒక్కమాట తను అందించేది కాదు.

నెహెమ్యా కన్నీళ్ళు తుడుచుకుని, తండ్రి మొహానికి మొహం పెట్టి, గొంతు చించుకున్నాడు. "నా బండి ఇంకెవురికీ ఇయ్యను నాయనా! ఈసారి ట్రాకుకు నువ్వూ అమ్మా రావల్ల!"

విన్సెంట్ కొడుకును రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు.

"యాలరా అంత అరుపు," అన్నాడు ఏడుస్తూనే, "ఈదిలో జనమంతా లేసి వచ్చేస్తారు!"